నెట్ రాకపోతే కంప్యూటర్‌నే అడుగుదాం

– హాస్టల్ పూర్వ విద్యార్థులు, ఇచ్చోడ



ఈ రోజుల్లో హాస్టల్ విద్యార్థికి నెట్‌తో పని పడని సంవత్సరం లేదు. స్కాలర్‌షిప్ రెన్యువల్ చేయాలంటే ఈపాస్. డిగ్రీలో చేరాలంటే 2016 నుంచి దోస్త్. పదో తరగతి తరువాత బాసర ట్రిపుల్ ఐటీకి పోవాలన్నా ఆన్‌లైన్ దరఖాస్తే. ప్రతిదానికీ ఒక ఆఖరి తేదీ ఉంటుంది. సరిగ్గా ఆ రోజునే ఎవరో ఒకరు "నెట్ వస్తలేదు" అంటారు.

అప్పుడు చుట్టూ ఉన్నవారు తలా ఒక సలహా చెబుతారు. ఒకరు సిస్టమ్ ఫార్మాట్ కొట్టమంటారు. ఇంకొకరు కొత్త కార్డు కొనమంటారు. మూడోవారు "ఇది పాత డబ్బా, స్టోర్ రూమ్‌లో పెట్టండి" అంటారు. ఈ ముగ్గురిలో ఎవరూ పరీక్ష చేసి చెప్పినవారు కారు. బాగా పనిచేసే కంప్యూటర్లు ఎన్నో ఈ ఒక్క మాట వల్ల గుడ్డ కప్పుకొని మూలన పడి ఉంటాయి. నష్టపోయేది మాత్రం ఇంట్లో ఇంకో కంప్యూటర్ లేని పిల్లలు.

అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఒక పనికి వచ్చే విషయం రాద్దామనుకున్నాం. నెట్‌వర్క్ అడుగు భాగాన ఏం జరుగుతుంది, డ్రైవర్ అంటే ఏమిటి, ఎక్కడ తెగిందో లినక్స్ కంప్యూటర్‌నే అడిగి ఎలా తెలుసుకోవాలి అన్నది మాకు తెలిసినంతలో చెబుతాం. ఆజ్ఞల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాం. కీబోర్డు మీద వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి.

నల్లాలో నీళ్లు రాకపోతే ఏం చేస్తాం?

పొద్దున నల్లా తిప్పితే నీళ్లు రాలేదనుకోండి. వెంటనే నల్లా మార్చమని ఎవరూ అనరు. ముందు పక్క నల్లా తిప్పి చూస్తాం. అక్కడ వస్తే ఈ పైపులోనే ఏదో అడ్డం పడినట్టు. అక్కడా రాకపోతే డాబా ఎక్కి ట్యాంకు చూస్తాం. ట్యాంకు ఖాళీగా ఉంటే మోటారు వేస్తాం. మోటారు తిరగకపోతే కరెంటు ఉందా అని చూస్తాం. మోటారు తిరిగినా నీళ్లు పడకపోతే అప్పుడు బోరు సంగతి ఆలోచిస్తాం.

ఇది మనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. నీళ్లు ఏ దారిన వస్తాయో తెలుసు కనుక ఆ దారి పట్టుకొని వెనక్కి వెళతాం. నెట్‌వర్క్‌కూ అలాంటి దారే ఉంది. తీగ, కార్డు, డ్రైవర్, అడ్రసు, బయటికి పోయే దారి, పేరు. ఇవి ఒకదాని మీద ఒకటి ఆధారపడిన ఆరు మెట్లు. కింది మెట్టు సరిగా లేకపోతే పై మెట్టు మీద ఎంత కుస్తీ పట్టినా లాభం ఉండదు. "నెట్ వస్తలేదు" అనే మాట ఈ ఆరింటిలో ఏది పోయినా ఒకేలా వినిపిస్తుంది. ఆ ఒక్క మాటను ఆరు ప్రశ్నలుగా విడగొట్టడమే ఇందులోని అసలు విద్య.

లినక్స్‌నే ఎందుకు తీసుకున్నాం?

యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టారు. 1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విడుదల చేసిన 4.2బీఎస్‌డీ అనే యూనిక్స్‌లో 'సాకెట్' అనే పద్ధతి వచ్చింది. ఫైలును తెరిచి చదివినట్టే నెట్‌వర్క్‌నూ తెరిచి చదవడం దాని ఉద్దేశం. ఇప్పటికీ ప్రపంచమంతా నెట్‌వర్క్ ప్రోగ్రాములు ఆ పద్ధతిలోనే రాస్తున్నారు.

1991 ఆగస్టులో ఫిన్లాండ్‌కు చెందిన లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి యూనిక్స్ లాంటి సొంత కెర్నెల్‌ను రాస్తున్నట్టు ప్రకటించాడు. అదే లినక్స్. 1992 నుంచి అది ఎవరైనా చదివి, మార్చి, పంచుకునే లైసెన్సు కింద ఉంది. 2017 నవంబర్‌లో వెలువడిన జాబితాలో ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లూ లినక్స్ మీదే నడిచాయి. మన జేబులో ఉండే ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ లినక్స్ కెర్నెలే. మన దేశంలో సీడాక్ సంస్థ 2007లో బాస్ లినక్స్‌ను భారతీయ భాషలతో విడుదల చేసింది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పని చేస్తోంది.

మనకు కావలసిన కారణాలు రెండే. ఒకటి, దీనికి డబ్బు అక్కర్లేదు, పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. రెండు, లోపల ఏం జరిగిందో ఇది దాచదు. అడిగితే చెబుతుంది. చెప్పింది నమ్మకపోతే కోడ్ తెరిచి చూసుకోవచ్చు.

డ్రైవర్ అంటే ఏమిటి?

కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డు మీద ఒక చిప్ ఉంటుంది. ఆ చిప్‌లో రిజిస్టర్లు అనే చిన్న గళ్లు ఉంటాయి. ఒక గడిలో ఒక అంకె రాస్తే చిప్ పంపడం మొదలుపెడుతుంది. ఇంకో గడి చదివితే ఏమైనా వచ్చిందో లేదో తెలుస్తుంది. ఒక్కో కంపెనీ చిప్‌లో ఈ గళ్ల ఏర్పాటు ఒక్కో రకంగా ఉంటుంది. కెర్నెల్‌కు మాత్రం ఇవన్నీ పట్టవు. "ఈ ప్యాకెట్ పంపు" అని మాత్రమే అంటుంది. ఆ మాటను ఫలానా చిప్‌కు అర్థమయ్యే అంకెలుగా మార్చి రాసే ప్రోగ్రామే డ్రైవర్. గోండి మాత్రమే మాట్లాడే అవ్వకూ తెలుగు మాత్రమే తెలిసిన డాక్టరుకూ మధ్య నిలబడి మాట చేరవేసే మనవడి లాంటిది అన్నమాట. అవ్వకు జబ్బు లేకపోయినా, డాక్టరు మంచివాడే అయినా, మనవడు రాకపోతే వైద్యం నడవదు.

ప్యాకెట్ వచ్చినప్పుడు చిప్ దానిని నేరుగా కంప్యూటర్ మెమరీలో పెట్టేస్తుంది. ఆ తరువాత ప్రాసెసర్‌కు గంట కొడుతుంది. దీనినే ఇంటరప్ట్ అంటారు. గంట వినగానే డ్రైవర్ వెళ్లి ప్యాకెట్ తీసుకొని కెర్నెల్‌కు అప్పగిస్తుంది.

2000 తరువాతి సంవత్సరాల్లో మన దగ్గర షాపుల్లో అసెంబుల్ చేసిన కంప్యూటర్లలో రియల్‌టెక్ 8139 అనే చిప్ ఉన్న కార్డు విరివిగా కనిపించేది. సెకనుకు 100 మెగాబిట్ల కార్డు, ధర చాలా తక్కువ. ఆ చౌకతనం దాని లోపలి ఏర్పాటులోనూ ఉంది. పంపడానికి దానిలో నాలుగే చోట్లు ఉంటాయి. వచ్చిన ప్యాకెట్లన్నీ గుండ్రంగా తిరిగే ఒకే మెమరీ ముక్కలో ఒకదాని వెనుక ఒకటి పడతాయి. మళ్లీ చుట్టు తిరిగి వచ్చేలోపు డ్రైవర్ ప్రతి ప్యాకెట్‌నూ వేరే చోటికి కాపీ చేసుకోవాలి. చిప్ చేయవలసిన పని ప్రాసెసర్ మీద పడుతుందన్నమాట. ఫ్రీబీఎస్‌డీ కోసం దీనికి డ్రైవర్ రాసిన బిల్ పాల్ ఈ చిప్‌ను ఎగతాళి చేస్తూ తన కోడ్‌లోనే వ్యాఖ్య రాసిపెట్టాడు. అయినా ఆ చౌక కార్డు వల్లనే ఎన్నో ల్యాబులకు నెట్‌వర్క్ వచ్చింది. దాని డ్రైవర్ ఇప్పటికీ లినక్స్‌లో ఉంది. పేరు 8139టూ.

గంట సంగతి కూడా చూడండి. 100 మెగాబిట్ల తీగ మీద అతి చిన్న ప్యాకెట్లు వరుసగా వస్తే సెకనుకు దాదాపు 1,48,800 పడతాయి. ప్రతిదానికీ గంట కొడితే ప్రాసెసర్‌కు గంట వినడమే సరిపోతుంది, వేరే పని సాగదు. మన మెస్‌లో ఒక్కో విద్యార్థికి ఒక్కో గంట కొట్టరు కదా. ఒకసారి గంట కొడతారు, అందరూ వరుసలో వస్తారు. లినక్స్‌లోనూ ఆ పద్ధతే వచ్చింది. మొదటి గంట వినగానే డ్రైవర్ గంటను ఆపేసి, పేరుకున్న ప్యాకెట్లన్నీ తీసుకొని, ఖాళీ అయ్యాక మళ్లీ గంట పెడుతుంది. దీనిని నాపీ అంటారు. జమాల్ హదీ సలీం, రాబర్ట్ ఓల్సన్, అలెక్సీ కుజ్‌నెత్సోవ్ 2001లో దీనిని వివరించారు.

చౌక కార్డులతో సూపర్ కంప్యూటర్

డ్రైవర్ రాయడం చిన్న పని అనుకోకండి. 1994లో అమెరికాలోని నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. కోట్ల ఖరీదు చేసే సూపర్ కంప్యూటర్‌కు బదులుగా బజారులో దొరికే 486 రకం కంప్యూటర్లు 16 తెచ్చి, మామూలు ఈథర్‌నెట్ కార్డులతో కలిపి, అన్నీ కలిసి ఒకే లెక్క చేసేలా పెట్టారు. దానికి బేవుల్ఫ్ అని పేరు.

ఆనాటికి లినక్స్‌లో నెట్‌వర్క్ కార్డులకు మంచి డ్రైవర్లు తక్కువ. బెకర్ కూర్చొని ఒక్కొక్క కార్డుకూ డ్రైవర్ రాశాడు. ఒక్క తీగ వేగం చాలకపోతే రెండు కార్డులను జోడించి ఒకటిగా వాడే ఏర్పాటు చేశారు. 8139 చిప్‌కు లినక్స్ డ్రైవర్ కూడా మొదట ఆయనే రాశాడు. తరువాత జెఫ్ గార్జిక్ దానిని ఆధారం చేసుకొని 8139టూ తయారుచేశాడు. ఒక పరిశోధన అవసరానికి రాసి అందరికీ ఇచ్చేసిన ఆ కోడ్ వల్లనే మన ల్యాబుల్లోని చౌక కార్డులు కూడా లినక్స్‌లో పనిచేశాయి. ఖరీదైన యంత్రం లేకపోయినా, ఉన్న యంత్రాన్ని అడుగు దాకా తెలుసుకున్నవాడు ఎంత దూరం పోగలడో ఈ కథ చెబుతుంది.

ఆరు ప్రశ్నలు

ఇప్పుడు పనిలోకి వద్దాం. కింది నుంచి పైకి, ఒక్కో మెట్టు.

1. తీగలో ప్రాణం ఉందా? కార్డు వెనుక, స్విచ్ మీద చిన్న దీపాలు ఉంటాయి. తీగ పెట్టగానే వెలగాలి. వెలగకపోతే తీగ మార్చండి, స్విచ్‌లో ఇంకో రంధ్రంలో పెట్టి చూడండి. దీపం కనబడని చోట ఈత్‌టూల్ అనే ఆజ్ఞ, దాని పక్కన కార్డు పేరు కొడితే చివరి వరుసలో లింక్ ఉందో లేదో చెబుతుంది. కార్డు పేరు ఏమిటో ఐపీ లింక్ అనే ఆజ్ఞ చెబుతుంది. పాత లినక్స్‌లో పేరు ఈత్0 అని ఉండేది. 2013 తరువాత వచ్చిన చాలావాటిలో కార్డు ఏ స్లాటులో ఉందో తెలిపేలా ఈఎన్‌పీ2ఎస్0 లాంటి పేర్లు వచ్చాయి. రెండు కార్డులు ఉన్న కంప్యూటర్‌లో తీగ ఏ కార్డుకు ఉందో తప్పకుండా చూసుకోవాలి.

2. కార్డు కంప్యూటర్‌కు కనబడుతోందా? ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టండి. బోర్డు మీద ఉన్న పరికరాల జాబితా వస్తుంది. అందులో ఈథర్‌నెట్ అనే వరుస లేకపోతే డ్రైవర్ గురించి మాట్లాడటమే అనవసరం. కరెంటు తీసి, కార్డు ఊడదీసి, స్లాటులో దుమ్ము తుడిచి మళ్లీ గట్టిగా పెట్టండి. యూఎస్‌బీ పరికరమైతే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అని అడగాలి.

3. డ్రైవర్ కూర్చుందా? ఎల్‌ఎస్‌పీసీఐ పక్కన ఖాళీ వదిలి, మైనస్ గుర్తు, కె అక్షరం చేర్చండి. ఒక్కో కార్డు కింద దానిని నడుపుతున్న డ్రైవర్ పేరు వస్తుంది. ఆ వరుస లేకపోతే మనవడు రాలేదన్నమాట. మోడ్‌ప్రోబ్ ఆజ్ఞతో డ్రైవర్‌ను పిలవవచ్చు. పిలిచిన వెంటనే డీమెసేజ్ (డి, ఎం, ఇ, ఎస్, జి) అని కొడితే కెర్నెల్ డైరీ కనిపిస్తుంది. డ్రైవర్ ఏం చూసింది, ఎందుకు ఆగింది అన్నది చివరి వరుసల్లో ఉంటుంది. వైఫై కార్డులకు చాలాసార్లు ఫర్మ్‌వేర్ అనే ఫైలు కూడా కావాలి. అది లేకపోతే ఆ ఫైలు పేరుతో సహా డైరీలో రాసి ఉంటుంది. ఇదివరకు డెబియన్ లినక్స్‌లో ఇలాంటివి విడిగా తెచ్చుకోవలసి వచ్చేది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు. వైఫై అసలు ఆపేసి ఉందేమో ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ అని అడిగితే తెలుస్తుంది. ల్యాప్‌టాప్ పక్కన చిన్న మీట ఆపి ఉన్నందుకే మొత్తం ఫార్మాట్ కొట్టినవారు ఉన్నారు.

4. ప్యాకెట్లు పోతున్నాయా, వస్తున్నాయా? ఐపీ మైనస్ ఎస్ లింక్ అనే ఆజ్ఞ రెండు లెక్కలు చూపిస్తుంది. పంపినవి ఎన్ని, వచ్చినవి ఎన్ని. అర నిమిషం ఆగి మళ్లీ చూడండి. పంపినవి పెరుగుతూ, వచ్చినవి సున్నా దగ్గరే ఉంటే మన మాట పోతోంది, జవాబు రావడం లేదు. తప్పుల లెక్క పెరుగుతూ నెట్ నత్తలా నడుస్తుంటే డూప్లెక్స్ చూడండి. తీగకు ఒక చివరన ఒకేసారి మాట్లాడుతూ వినే పద్ధతి, రెండో చివరన ఒకరి తరువాత ఒకరు మాట్లాడే పద్ధతి ఉంటే రెండూ ఒకదాని మాట మరొకటి చెడగొట్టుకుంటాయి. ఒక వైపు చేత్తో పెట్టి, రెండో వైపు ఆటోలో వదిలేస్తే పాత పరికరాల్లో ఇలా జరుగుతుంది. రెండు వైపులా ఆటోలో పెడితే చాలు.

5. అడ్రసు వచ్చిందా, దారి ఉందా? ఐపీ అడ్ర్ (ఎ, డి, డి, ఆర్) కొట్టండి. అడ్రసు లేకపోయినా, 169.254తో మొదలైనా రౌటర్ మనకు అడ్రసు ఇవ్వలేదని అర్థం. అడ్రసు ఉంటే ఐపీ రూట్ కొట్టండి, రౌటర్ అడ్రసు కనిపిస్తుంది. దానికి పింగ్ చేయండి. పింగ్‌ను 1983 డిసెంబర్‌లో మైక్ మూస్ అనే అమెరికన్ ఇంజనీరు తమ నెట్‌వర్క్‌లో వచ్చిన ఒక వింత సమస్యను పట్టుకోవడానికే రాశాడు. నీటి కింద శబ్దం పంపి ప్రతిధ్వని వినే సోనార్ నుంచి ఆ పేరు పెట్టాడు. రౌటర్ నుంచి ప్రతిధ్వని వస్తే మన గది లోపల అంతా బాగున్నట్టే.

6. పేరు తెలుస్తోందా, పెద్ద ప్యాకెట్ పోతోందా? 8.8.8.8కు పింగ్ చేస్తే జవాబు వచ్చి, సైటు పేరుతో చేస్తే రాకపోతే తీగదీ కార్డుదీ ఏ దోషమూ లేదు. పేరును అంకెగా మార్చే డీఎన్ఎస్ దగ్గర లోపం. ఇక కొన్ని సైట్లు తెరుచుకుని, కొన్ని సగంలో ఆగిపోతుంటే సైజు చూడాలి. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండవచ్చు. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ లాంటి కనెక్షన్లలో పీపీపీఓఈ పద్ధతి 8 బైట్లు తన కోసం తీసుకుంటుంది. మిగిలేది 1492. ఆ సంగతి పంపే కంప్యూటర్‌కు తెలియజేసే కబురు దారిలో ఎక్కడైనా ఆగిపోతే చిన్న ప్యాకెట్లు పోతాయి, పెద్దవి చప్పుడు లేకుండా పోగొట్టుకుంటాం. పింగ్‌కు ముక్కలు చేయవద్దని చెప్పి 1464 బైట్లతో పంపండి. దానికి 28 బైట్ల తలకట్టు కలిస్తే సరిగ్గా 1492 అవుతుంది. 1464 పోయి 1465 పోకపోతే దారి వెడల్పు 1492 అని తేలినట్టే. మన కంప్యూటర్‌లో ఎంటీయూ అనే అంకెను 1492కు తగ్గిస్తే ఆ సైట్లు తెరుచుకుంటాయి.

ఆఖరి తేదీ మీద పడి, ఇవన్నీ చూసే సమయం లేకపోతే ఒక ఉపాయం. ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. లినక్స్‌కు ఫోనే ఒక నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది. చాలావరకు డ్రైవర్ ముందే ఉంటుంది. ముందు దరఖాస్తు పంపండి, తరువాత లోపం వెతకండి. వైఫై ఫర్మ్‌వేర్ దించుకోవడానికీ ఇదే దారి.

ఒక ల్యాబ్‌లో జరిగింది

మాలో కొందరు చదివిన ఒక కాలేజీ ల్యాబ్‌లో వానాకాలం పిడుగుకు ఒక కంప్యూటర్ కార్డు కాలిపోయింది. కొత్త కార్డు వేశారు, నెట్ రాలేదు. బాగుచేసే మనిషి వచ్చి రెండుసార్లు ఫార్మాట్ కొట్టాడు. చివరికి బోర్డు కూడా పోయిందని తేల్చి యంత్రాన్ని పక్కన పెట్టమన్నాడు. పరీక్ష ఫీజు కట్టడానికి రెండు రోజులే ఉంది.

మేము కింది నుంచి మొదలుపెట్టాం. దీపం వెలుగుతోంది. ఎల్‌ఎస్‌పీసీఐలో కార్డు ఉంది. డ్రైవర్ కూర్చుంది. పంపినవి పెరుగుతున్నాయి, వచ్చినవీ పెరుగుతున్నాయి, తప్పులు సున్నా. అడ్రసు మాత్రం లేదు. అంటే నాలుగు మెట్లు బాగున్నాయి, ఐదో మెట్టు మీద ఆగింది. అక్కడ టీసీపీడంప్ నడిపాం. తీగ మీద పోయే ప్రతి ప్యాకెట్‌నూ చూపించే ప్రోగ్రాం అది. 1988లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో వాన్ జేకబ్సన్, క్రేగ్ లెరెస్, స్టీవెన్ మెక్‌కేన్ రాశారు. మన కంప్యూటర్ "నాకు అడ్రసు ఇవ్వండి" అని మళ్లీ మళ్లీ అడుగుతోంది, సర్వర్ పలకడం లేదు. పక్క కంప్యూటర్ అడిగితే వెంటనే ఇస్తోంది.

ఒకే స్విచ్, ఒకే సర్వర్. తేడా ఏమిటి? ప్రతి కార్డుకూ తయారీలోనే 6 బైట్ల నంబరు వేసి ఉంటుంది. ల్యాబ్ సర్వర్‌లో ఏ నంబరుకు అడ్రసు ఇవ్వాలో ఒక జాబితా రాసిపెట్టారు. కార్డు మారింది కనుక నంబరు మారింది, జాబితాలో పాతదే ఉంది. ల్యాబ్ సార్ ఒక వరుస దిద్దగానే అడ్రసు వచ్చేసింది. బోర్డు బాగానే ఉంది, ఫార్మాట్ అవసరమూ లేకపోయింది. ఫీజులు ఆ సాయంత్రమే కట్టాం. ఈ పనికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

ప్యాకెట్‌ను మనమే చదవడం

సీ భాష కొద్దిగా వచ్చినవారు టీసీపీడంప్ లాంటిది చిన్నది తామే రాయవచ్చు. లినక్స్‌లో ఏఎఫ్ ప్యాకెట్ అనే రకం సాకెట్ తెరిస్తే కార్డు నుంచి వచ్చిన ప్యాకెట్ ఉన్నది ఉన్నట్టు చేతికి వస్తుంది. మొదటి 14 బైట్లు చూడండి. 6 బైట్లు ఎవరికి, 6 బైట్లు ఎవరి నుంచి, చివరి 2 బైట్లు లోపల ఏముంది అని. ఆ రెండు బైట్లు 0800 అయితే ఐపీ ప్యాకెట్. 0806 అయితే ఏఆర్‌పీ, అంటే "ఈ ఐపీ అడ్రసు ఎవరిది? మీ కార్డు నంబరు చెప్పండి" అనే కేక. 1982లో డేవిడ్ ప్లమ్మర్ ఈ పద్ధతిని రాసిపెట్టాడు.

కొత్తగా రాసేవారు ఎక్కువగా ఇరుక్కునేది బైట్ల వరుస దగ్గర. మనం అక్టోబర్ రెండును 2-10 అని రాస్తాం. అమెరికావారు 10-2 అని రాస్తారు. ఎవరి పద్ధతి ఏదో తెలియకపోతే అక్టోబర్ రెండు కాస్తా ఫిబ్రవరి పది అవుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ చిన్న బైటును ముందు పెడుతుంది. నెట్‌వర్క్‌లో పెద్ద బైటు ముందు రావాలి. మార్చకుండా పంపితే 80వ పోర్టు 20480వ పోర్టు అవుతుంది. ప్రోగ్రాం తప్పు చూపించదు, జవాబు మాత్రం ఎప్పటికీ రాదు. అందుకే హెచ్‌టాన్స్ (హెచ్, టి, ఓ, ఎన్, ఎస్) అనే ఫంక్షన్‌తో వరుస మార్చి పంపాలి.

ఇలాంటి సాకెట్ తెరవడానికి రూట్ అధికారం కావాలి. అది ఊరికే పెట్టిన అడ్డంకి కాదు. తీగ మీద పోయేవి ఇతరుల ఉత్తరాలు. మన సొంత యంత్రం మీద, లేదా ల్యాబ్ సార్ అనుమతితో మాత్రమే ఈ పని చేయాలి. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి, నెట్‌వర్క్‌లోకి దూరడం 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం నేరం.

తమ్ముళ్లకు మా మాట

ఈ పని నేర్చుకోవడానికి పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు. మూలన పడిన పాత యంత్రాలు రెండు, ఒక తీగ ఉంటే చాలు. వార్డెన్ సార్‌ను అడిగి, చిన్న లినక్స్ వేసి, రెండింటి మధ్య పింగ్ నడిపించండి. తరువాత కావాలని ఒక్కో మెట్టు చెడగొట్టండి. తీగ తీయండి, డ్రైవర్‌ను దించండి, అడ్రసు తప్పు పెట్టండి. ప్రతిసారీ కంప్యూటర్ ఏం చెబుతుందో నోట్‌బుక్‌లో రాసుకోండి. చెడగొట్టి చూసినవాడికి నిజంగా చెడిపోయినప్పుడు భయం ఉండదు.

మూడు అలవాట్లు పెట్టుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చినది రాసుకోండి. రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. తప్పు సందేశం ఇంగ్లీషులో ఉందని వదిలేయకండి. డిక్షనరీ పక్కన పెట్టుకొని మొత్తం వాక్యం చదవండి. ఆ భాష మెల్లగా వచ్చేస్తుంది. పనిచేసే యంత్రాన్ని పక్కన పెట్టుకొని పనిచేయని దానితో పోల్చండి. తేడా ఎక్కడుందో అక్కడే జవాబు ఉంటుంది.

మన ఇండ్లలో కంప్యూటర్ గురించి అడగడానికి పెద్దవాళ్లు ఎవరూ లేరు. "నీకెందుకురా, అది చదువుకున్నోళ్ల పని" అన్న మాట మేమూ విన్నాం. లినక్స్ డ్రైవర్ కోడ్‌కు మాత్రం మనం ఎవరి పిల్లలమో, ఏ ఊరి వాళ్లమో తెలియదు. అమెరికాలోని ఇంజనీరు చదివే కోడ్, ఇచ్చోడ హాస్టల్ విద్యార్థి చదివే కోడ్ ఒకటే. దానిని తెరవడానికి సిఫారసు కూడా అవసరం లేదు.

ఈ ఆరు ప్రశ్నలను ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి కంప్యూటర్ పక్కన గోడకు తగిలించండి. ఈసారి ఎవరైనా నెట్ వస్తలేదంటే "ఏ మెట్టు దగ్గర ఆగింది?" అని అడగండి. చిన్న తరగతుల పిల్లలకు కూడా నేర్పండి.